అయిదు మాటల ఇమ్లా



పరీక్ష అంటే మనవాళ్లకు ఏడాదికోసారి వచ్చే గండం. అందులో తప్పితే పిల్లవాణ్ణి మెకానిక్ షెడ్డులో పెట్టేస్తారు, ఆడపిల్లను ఇంట్లో కూర్చోబెడతారు. అంత బరువు ఒక్క రోజు మీద మోపడం న్యాయమేనా?

మేము తరగతిలో రోజూ అయిదు మాటల ఇమ్లా రాయిస్తాం. మార్కులుండవు. ఉర్దూలో ఒకే శబ్దానికి జే, జాల్, జాద్, జోయ్ అని నాలుగక్షరాలున్నాయి గదా! చూపు అనే అర్థంలో 'నజర్' జోయ్‌తో రాయాలి, కానుక అనే 'నజ్ర్' జాల్‌తో. చదువుతుంటే అన్నీ వచ్చినట్టే ఉంటుంది. రాయబోతేనే ఏది రాలేదో బయటపడుతుంది, అదీ దిద్దుకునే వ్యవధి ఉండగానే. మార్కుల్లేవు గనక పక్కవాడి పుస్తకంలోకి తొంగిచూడరు. (చూసినా ఏమొస్తుంది!)

2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే పరిశోధకులు ఇదే పరీక్షించి చూశారు. పాఠాన్ని మళ్లీ చదివినవారు అయిదు నిమిషాల తర్వాత అడిగితే ముందున్నారు. వారం గడిచాక మాత్రం, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవారిదే పైచేయి అయింది.

ఇక ఇంటి సంగతి. ఎర్రసిరా గీతలు చూసి కొందరు తండ్రులు చెయ్యి చేసుకుంటున్నారు. దాంతో పిల్లలు రాని మాటను ఖాళీగా వదిలేస్తున్నారు. తప్పు రాస్తే దిద్దగలం, ఖాళీని ఏం దిద్దేది? దయచేసి ఆ పుస్తకం చూసి కొట్టకండి. చదువురాని తల్లయినా "ఇవాళ్టి మాటలు చూడకుండా రాయి బేటా" అనవచ్చు.

సంఘంవారు పంచే నోటుబుక్కులతో పాటు పిల్లకొక సన్న పుస్తకం, 40 పేజీలది చాలు, వేరుగా ఇప్పిస్తే ఇమ్లాకు ఉంచుకుంటాం.