పిల్లల దిగులును మన మాటల్లోనే అడగాలి



ఏటా వార్షికోత్సవంలో మగ్గాల గురించి, నూలు ధర గురించి, పిల్లల చదువుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి పిల్లల మనసు గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

పద్నాలుగేళ్ల పిల్ల సరిగా తినకపోతే, పిలిస్తే కసురుకుంటే, చదువులో వెనకబడితే మనం "పొగరు" అంటాం, "ఫోన్ పిచ్చి" అంటాం. కొందరిలో అది డిప్రెషన్ కావచ్చు. ఈ వయసులో అది ఏడుపుగానే కాదు, చిరాకుగా కూడా బయటపడుతుంది.

దీన్ని ముందే పసిగట్టడానికి పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నల పట్టిక ఉంది. 2001లో అమెరికాలో వచ్చింది. ఈడొచ్చిన పిల్లల కోసం కొద్దిగా మార్చినదాన్ని పీహెచ్‌క్యూ-ఎ అంటారు. గడిచిన రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు. ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. మామూలుగా 10, అంతకు మించి వస్తే డాక్టరుకు చూపించమంటారు. పట్టిక జబ్బును తేల్చదు, అనుమానం మాత్రం చెబుతుంది.

మరి దాన్ని తెలుగులోకి దించితే చాలదా? చాలదు. మన పిల్లలకు సోలాపూర్, భివండీల్లో బడి మరాఠీలో, కంచి, సేలంలలో తమిళంలో, బరంపురంలో ఒడియాలో. ఇంట్లో తెలుగు మాట్లాడినా చదవడం రానివాళ్లు చాలామంది. "కార్యకలాపాల పట్ల అనాసక్తి కలిగినదా?" అంటే ఏదో ఒక గడిలో టిక్కు పెట్టేస్తారు. "ఏ పనీ చెయ్యబుద్ధి కావట్లేదా?" అంటే ఆలోచించి చెబుతారు. సోలాపూర్ ఇంట్లో అదే "చెయ్యబుద్ధి అయితలేదా?" అవుతుంది. "సగానికి పైగా రోజులు" అనేకంటే "పద్నాలుగింట్లో ఎనిమిది రోజులైనా" అంటే లెక్క తేలిక. రాత్రి కండెలు చుట్టి నిద్ర చాలని పిల్ల అలసటా, పని లేని రోజు కూడా లేవలేని అలసటా ఒకటి కాదు. విడదీసి అడగాలి.

జింబాబ్వేలో మన దేశపు డాక్టరు విక్రమ్ పటేల్ తోటివారితో కలిసి ఇలాగే చేశారు. అక్కడి షోనా భాషలో జనం "కుఫుంగిసిసా", అంటే అతిగా ఆలోచించడం, అంటారు. ఆ మాటల నుంచే షోనా పట్టిక తయారైంది.

మాటలు కుదిరాక పట్టికను పరీక్షించాలి. మూలం చూడనివారి చేత తిరిగి ఇంగ్లీషులోకి మార్పించి రెండూ పోల్చాలి. పిల్లలతో కూచుని ఏ ప్రశ్నకు ఏం అర్థమైందో అడగాలి. ఆ తర్వాత పట్టిక నింపిన పిల్లలతో, మార్కులు చూడని మానసిక వైద్యుడు విడిగా మాట్లాడాలి. జబ్బున్నవాళ్లలో ఎందరిని పట్టిక పట్టుకుంది, లేనివాళ్లలో ఎందరిని అనుమానించింది అని చూస్తేనే, 10 అన్న గీత మన పిల్లలకు సరిపోతుందో, ఎక్కడికి జరపాలో తెలుస్తుంది. గజంబద్దే తప్పైతే ఎంత మంచి బట్టకైనా కొలత తప్పుతుంది.

ఈ పనికి ఎవరైనా మన వాడకు వస్తే ఇంటివాళ్లం మూడు పనులు చెయ్యాలి. మనం ఒప్పుకున్నా పిల్ల ఇష్టం కూడా అడగాలి. జవాబులు చెప్పేటప్పుడు పక్కన నిలబడకూడదు. పేరు బయటికి పొక్కితే రేపు సంబంధాలు రావన్న భయం మనకుంది. అందుకే ఎవరి జవాబులూ వీధిలోకి రానివ్వకూడదు.

తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలన్న ఆలోచన గురించి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడొద్దు, అలా పుట్టదు. అవునంటే మొత్తం మార్కులు ఎన్నైనా సరే, పిల్లను ఒంటరిగా వదలకుండా ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. 2022లో మొదలైన టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. పట్టిక వాడకముందే, అనుమానం వచ్చిన పిల్లను ఎక్కడికి పంపాలో ప్రతి ఊరి సంఘమూ తేల్చుకోవాలి.

పోగు తెగితే మగ్గం ఆపి అతుకుతాం. పిల్ల మౌనంగా ఉన్నప్పుడు కూడా కాసేపు మగ్గం ఆపుదాం. సెలవు.