ఒకే తరగతి, ఇద్దరు గురువులు

(అప్పనపల్లిలో ఉపాధ్యాయ శిక్షణ పొందుచున్న యువతీ యువకుల కూటములో చేసిన ప్రసంగ పాఠము)



ముందుగా మా తప్పు ఒకటి ఒప్పుకొనుచున్నాము. మా ఆదివార పాఠశాలకు సరిగా వినబడని చిన్నది ఒకతె వచ్చుచుండెను. అల్లరి చేయదు గనుక వెనుక వరుసలో కూర్చుండబెట్టితిమి. నెమ్మదియైన పిల్ల యని మెచ్చుకొంటిమే గాని, ఏడాది పొడుగునా ఆమెకు ఒక్క కథయైనను చేరలేదని ఎరుగమైతిమి. ప్రత్యేక విద్య చదువుచున్న మన సంఘపు అమ్మాయి సెలవులకు వచ్చి, "అయ్యగారూ, ఈమెను ముందు కూర్చోబెట్టండి. మీరు గోడవైపు తిరిగి మాట్లాడకండి. మీ పెదవులు కనబడాలి" అన్నది. మాకు పాఠము తెలియును. ఆమెకు పిల్ల అవసరము తెలియును. రెండును కలిసిన తరువాతనే ఆ చిన్నది నోరు విప్పి జవాబు చెప్పెను.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 21 రకముల వైకల్యములను పేర్కొని, ఆ పిల్లలు తోటివారితో కలిసి చదువవలెనని చెప్పుచున్నది. ప్రాథమిక తరగతులలో అట్టి పిల్లలు 10 మందికి, పై తరగతులలో 15 మందికి ఒక్కొక్క ప్రత్యేక ఉపాధ్యాయుడుండవలెనని 2021లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చినది. మన రాష్ట్రమందు భవిత కేంద్రములును ఉన్నవి. 2014 నిబంధనలతో రెండేండ్లయిన బి.ఇడి.లో సమ్మిళిత విద్య ఒక పాఠ్యాంశమైనది. సంతోషమే. అయినను సాధారణ బి.ఇడి. ఒక మండలి క్రింద, ప్రత్యేక బి.ఇడి. మరియొక మండలి క్రింద నడచుచు వచ్చినవి. వేరువేరుగా నేర్చినవారు ఉద్యోగములో చేరిన నాడే కలిసి బోధించుట ఎట్లు?

గనుక శిక్షణలోనే కలియుడి. బోధనాభ్యాసమునకు ముందు ఇద్దరును కూర్చుండి ఒకే పాఠ్య ప్రణాళిక వ్రాయుడి. ఒకరు బోధించుచుండగా రెండవవారు ఏ బిడ్డ ఎక్కడ ఆగిపోయెనో కనిపెట్టవలెను. మరునాడు పనులు మార్చుకొనుడి. తరగతి ముగిసిన పిమ్మట పది నిమిషములు మాటలాడుకొనుడి. తప్పు చెప్పించుకొనుటకు సిగ్గుపడకుడి. ముఖ్యముగా, "వాడు మీ పిల్లవాడు, వీరు మా పిల్లలు" అను మాట మీ నోట రానియ్యకుడి.

మన వైనతేయ మీద నావను చూచినవారే మీరందరు. ఒకరు గడ వేయుదురు, ఒకరు చుక్కాని పట్టుదురు. ఒకరి పని రెండవవారు గమనింపనియెడల నావ రేవు చేరదు. వెనుక వరుసలోని బిడ్డయు ఆ నావలోనే ఉన్నది. ఆమెను దిగవిడువక ఆవలి ఒడ్డు చేర్చుడి.