నేరమూ, మనస్సూ: మన పిల్లలు చదువదగిన శాస్త్రము
(ప్రసంగ పాఠము)



పిల్లవాడు పది పాసైతే డాక్టరా, ఇంజనీరా అనే రెండు మాటలే మన ఇళ్ళల్లో వినబడుతున్నాయి. మేము ఈరోజు మూడో దారి ఒకటి చెప్పదలచుకున్నాము. దాని పేరు నేర మనోవిజ్ఞానము. ఉర్దూలో నఫ్సియాత్ అంటాము గదా, అది కోర్టు మెట్లెక్కితే ఇదే.

ఈ పరిశోధకుడు ముఖం చూసి దొంగను పట్టేవాడు కాడు. అది సినిమా సంగతి. సాక్షి జ్ఞాపకం ఎంతవరకు నమ్మదగినది, భయపడ్డ మనిషి చేయని నేరం ఎందుకు ఒప్పుకుంటాడు అన్నవి అతని ప్రశ్నలు. 1974లో అమెరికాలో లాఫ్టస్, పామర్ అనేవారు విద్యార్థులకు కార్లు ఢీకొన్న ఫిల్ములు చూపి వేగమెంత అని అడిగారు. "తాకినప్పుడు" అని అడిగితే సగటున 32 మైళ్ళన్నారు. "నుజ్జయ్యేట్టు గుద్దుకున్నప్పుడు" అని అడిగితే 41 అన్నారు. ఫిల్ములు అవే, మారింది ఒక్క మాట!

ఇక మన నల్లగొండ, పాలమూరు చూడండి. సాక్షి ఇంటి ఉర్దూలో చెప్తాడు, వాంగ్మూలం తెలుగులో రాసుకుంటారు. "లగ్‌గయా" అన్నదాన్ని "తగిలింది" అని రాస్తే ఒక కేసు, "కొట్టినాడు" అని రాస్తే ఇంకో కేసు. దీనిని పరిశోధించడానికి రెండు భాషల్లో పెరిగిన మన పిల్లలకంటే యోగ్యులెవరు?

2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు, సమ్మతి లేకుండా నార్కో, లై డిటెక్టర్, మెదడు పరీక్షలు చేయరాదన్నది. మత్తులో పలికినదంతా నిజమని శాస్త్రము హామీ ఇవ్వదు. ఈ సంగతి కోర్టుకు విడమరచి చెప్పగల చదువరులు మనలో ఎందరున్నారు?

దారి పొడుగే. డిగ్రీలో సైకాలజీ, ఆపైన ఎం.ఏ. గాని ఎం.ఎస్సీ. గాని, తర్వాత పిహెచ్.డి.; ఎనిమిదేండ్లకు తక్కువ పట్టదు. ఫోరెన్సిక్ చదువుకే గాంధీనగర్‌లో జాతీయ విశ్వవిద్యాలయమున్నది. హైదరాబాదు రామంతాపూర్‌లో కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల ఉన్నది. మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022-23 నుండి కొత్తవారికి ఇవ్వడం ఆపేశారు గనుక నెట్ పరీక్షలో జె.ఆర్.ఎఫ్. మీదనే కన్నుంచాలి.

ఉర్దూ మీడియం వాళ్ళకు ఇది వస్తుందా అని కొందరు అడిగారు. 1918లో ఉస్మానియా మొదలైందే ఉర్దూ మాధ్యమంతో! అయితే నేడు పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లీషులోనే. కనుక తల్లిదండ్రులారా, ఇంటర్ నుండే రోజుకు నాలుగు పేజీల ఇంగ్లీషు చదివించండి. ఆడపిల్లలను గూడా.