ఇంటికి పడ్డ బకాయి

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో డి.ఎ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడుకోవడం మామూలే. ఈరోజు ఏ జి.ఓ.తోనూ తీరని ఒక బకాయి గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. అది మనం ఇంటికి పడ్డ బకాయి.

ఎం.బి.ఏ. చదువుతున్న మా మనుమరాలు ఈమధ్య తన పాఠం ఒకటి నాకు చదివి వినిపించింది. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరంలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో మేనేజ్‌మెంటు ఆచార్యులుగా పనిచేసిన జెఫ్రీ గ్రీన్‌హాస్ గారు, నికొలస్ బ్యూటెల్ గారితో కలిసి 1985లో ఒక వ్యాసం ప్రకటించారు. ఉద్యోగానికీ కుటుంబానికీ మధ్య ఘర్షణ మూడు విధాలుగా వస్తుందని అందులో వివరించారు.

మొదటిది కాలం. ఆఫీసుకిచ్చిన గంట ఇంటికి ఇవ్వలేం. మనిషి ఇంట్లో ఉండి మనసు ఫైళ్లలో ఉన్నా అదీ ఈ పద్దులోకే వస్తుంది. నేను 1973లో ఎల్.డి.సి.గా చేరి, 2009లో రిటైరయ్యేదాకా బిల్లుల మధ్యనే గడిపాను. మార్చి 31 వచ్చిందంటే అర్ధరాత్రి దాకా ఆఫీసే. ఒక మార్చి నెలాఖరున మా అమ్మాయికి టైఫాయిడ్ వచ్చింది. ఆసుపత్రిలో మూడు రాత్రులు మా ఆవిడ ఒక్కతే కూర్చుంది. నేను ఏప్రిల్ ఒకటిన వెళ్లాను.

రెండవది ఒత్తిడి. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు, పై అధికారి పెట్టిన చీవాట్లు ఇంటికొచ్చి పిల్లల మీద చూపడం. ఇది రెండు వైపులా నడుస్తుంది. ఇంట్లో జబ్బు ఉంటే ఆఫీసులో కూడికలు తప్పుతాయి.

మూడవది నడవడిక. ఆఫీసులో మెప్పు తెచ్చిన తీరు ఇంట్లో పనికి రాదు. ఇది వినగానే నాకు నేనే కనిపించాను.

రిటైరయ్యాక కాలం చేతికొచ్చింది, ఒత్తిడీ తగ్గింది. నడవడిక మాత్రం రిటైరు కాలేదు. పాల లెక్కలో నలభై రూపాయలు తేడా వస్తే మా ఆవిడను సంజాయిషీ అడిగేవాణ్ణి. ఒకరోజు ఆవిడ, “మీరు రిటైరయ్యారండీ, నేను మాత్రం ఇంకా మీ సెక్షన్‌లోనే ఉన్నాను” అంది. బ్యాంకులో పనిచేసే మా కోడలు రాత్రి ఎనిమిదింటికి వస్తే, హాజరు పట్టీ పట్టుకున్నవాడిలా గడియారం వంక చూసేవాణ్ణి. మా అమ్మాయి ఫోన్ చేస్తే, నేను ఎత్తిన వెంటనే “అమ్మ ఉందా నాన్నా?” అనేది. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

చట్టాలు కొంత మేలు చేశాయి. 1961 నాటి ప్రసూతి చట్టం 12 వారాల సెలవు ఇస్తే, 2017 సవరణ మొదటి ఇద్దరు బిడ్డలకు దాన్ని 26 వారాలు చేసింది. సంతోషమే. కానీ చట్టం సెలవు ఇవ్వగలదు గాని, ఇంట్లో మాట మెత్తబరచలేదు. అది మన చేతిలో పని.

అదే ఆచార్యులు 2006లో గ్యారీ పావెల్ గారితో కలిసి మరో వ్యాసం రాశారు. ఇల్లూ ఉద్యోగమూ శత్రువులే కానక్కరలేదు, ఒకచోట నేర్చినది రెండోచోట అక్కరకు వస్తుందన్నారు. నిజమే. వేళ తప్పకపోవడం మనకు ఆఫీసు నేర్పింది. ఆ అలవాటుతోనే ఇప్పుడు నేను మనుమణ్ణి బడి బస్సు దగ్గర నుంచి తీసుకొస్తున్నాను. సాయంత్రం కూరలు తరిగి పెడుతున్నాను. కోడలు ఇంటికి రాగానే మంచినీళ్లు అందిస్తున్నాను. గడియారం చూడడం మానేశాను.

మిత్రులారా, ఆసుపత్రిలో ఆ మూడు రాత్రులు నేను తిరిగి ఇవ్వలేను. అసలు తీరదు, కనీసం వడ్డీ అయినా కడదాం. మన కొడుకులూ కోడళ్లూ, కూతుళ్లూ అల్లుళ్లూ ఈరోజు అదే నలుగుడులో ఉన్నారు. వాళ్లను సంజాయిషీలు అడగకండి. చేతనైన పని ఒకటి అందుకోండి.

మొన్న ఆదివారం మా అమ్మాయి ఫోన్ చేసింది. నేనేమీ ఆరా తీయలేదు, ఊరికే విన్నాను. పది నిమిషాలు మాట్లాడాక, “ఇక అమ్మకివ్వండి నాన్నా” అంది.