పిలుపు వేరు, కులం అంటగట్టిన పని వేరు



"అయ్యగారూ, నా పిలుపు ఏమిటి?" అని మీరు అడిగితే, మేము కాపరులం సాధారణంగా ఒకటే చెబుతాం: ప్రార్థించండి, దేవుడు చూపిస్తాడు. అది తప్పు కాదు గానీ చాలదు. పైగా పిలుపు అంటే బైబిలు కళాశాలకు వెళ్లడమే అన్నట్టు కూడా మాట్లాడాం.

అంతకంటే పెద్ద పొరపాటు ఇంకొకటుంది. మొదటి కొరింథీయులకు 7వ అధ్యాయం 20వ వచనం చూపించి, ఉన్న స్థితిలోనే ఉండిపొమ్మని మన పెద్దలకు బోధించిన రోజులున్నాయి. చీపురు పట్టినవాడి కొడుకు చీపురే పట్టాలన్నట్టు! ఆ వెంటనే ఉన్న వచనం ఎందుకు వదిలేశారో మరి. స్వతంత్రుడయ్యే వీలుంటే అదే మంచిదని పౌలు దాసునితో అంటున్నాడక్కడ. పౌలు చెప్పిన పిలుపు క్రీస్తు దగ్గరకు వచ్చిన పిలుపు. కులం మన చేతిలో పెట్టిన పని కాదు.

కోలారు బంగారు గనుల్లో మన తెలుగు ఇంట పుట్టిన బెజవాడ విల్సన్ గారినే చూడండి. తండ్రి, అన్న పాకీ పని చేసినవారే. ఆ సంగతి ఇంట్లో ఆయనకు చాలాకాలం చెప్పలేదు. చదువుకుని ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజికి వెళ్తే, అక్కడా ఆయన పేరు పక్కన ఆ పనే రాశారు. ఒకరోజు గుంటలో పడిన బకెట్ కోసం ఒక కార్మికుడు మలంలో చేయి పెట్టడం చూసి ఏడ్చేశారు. తర్వాత ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు. ఆ దారి సఫాయి కర్మచారి ఆందోళన్ వరకూ, సుప్రీంకోర్టు 2014 తీర్పు వరకూ వెళ్లింది. 2016లో మెగసెసే అవార్డు వచ్చింది. మాకు మాత్రం ఆ అవార్డు కంటే ఆ ఏడుపే ముఖ్యం.

నిర్గమకాండము 3వ అధ్యాయంలోనూ అంతే. మోషేను వెళ్లమనకముందే, వెట్టిచాకిరిలో ఉన్న జనుల మొర విన్నానని దేవుడు చెప్పాడు. కాబట్టి "నేనేమవుతాను?" అనే ముందు, "ఎవరి మొర నాకు నిద్ర పట్టనివ్వడం లేదు?" అని అడుగుదాం. తోచిన జవాబును ఒంటరిగా నమ్మేయకుండా, మనల్ని ఎరిగిన నలుగురి ముందు పెడదాం. చిన్న పనితో పరీక్షించి చూద్దాం, ఒక అర్జీ రాసిపెట్టినా చాలు. అందరూ ఉద్యమాల్లోకే రానక్కర్లేదు. ఇంటి అప్పు తీర్చడానికి ఉద్యోగం చేస్తున్నవారు సిగ్గుపడొద్దు, అదీ ప్రేమే.

ఇక్కడ కూర్చున్న చాలామంది అమ్మానాన్నలు పౌరకార్మికులు. ఈ రాత్రి ఇంటికెళ్లి వాళ్లనొక మాట అడగండి: "అమ్మా, నీకు ఏ పని చేయాలని ఉండేది?" ఇంతవరకూ ఎవరూ అడిగి ఉండరు.