అచ్చు తర్వాతి ఒంటరితనం: రచయితలు కూడి నిలిచిన చరిత్ర
(కొమర్రాజు వేంకట లక్ష్మణరావు స్మారకోపన్యాసం)



లక్ష్మణరావుగారి పేరిట జరిగే సభలో చరిత్ర పరిశోధన గురించి మాట్లాడటం ఆనవాయితీ. నేను మాత్రం తన పుస్తకం తానే వేసుకునే రచయిత గురించి మాట్లాడదలచాను. ఈ హాలులో ఉన్న రచయితల్లో చాలామంది ఆ పని చేసినవారే. దాచుకున్న డబ్బు తీసి, డీటీపీ చేయించి, ప్రూఫులు తామే దిద్దుకుని, ప్రెస్సు చుట్టూ తిరిగి, చివరికి కట్టలు ఆటోలో ఇంటికి తెచ్చుకున్నవారే. ఆవిష్కరణ సభలో నలుగురూ మెచ్చుకుంటారు. మర్నాడు ఉదయం నుంచి ఆ రచయిత ఒంటరి. నన్ను బాధపెట్టేది ఆ ఒంటరితనమే. అది మన తలరాత కాదని చెప్పడానికి చరిత్రలో తగినంత ఆధారం ఉంది.

సొంతంగా అచ్చు వేసుకోవడం మనకు కొత్త కాదు. 1874లో వివేకవర్ధని మొదలుపెట్టిన కందుకూరి వీరేశలింగంగారు, కొద్దికాలానికే రాజమండ్రిలో సొంత ముద్రణాలయం పెట్టుకున్నారు. తన మాట ఇంకొకరి అనుమతి కోసం ఆగకూడదన్న పట్టుదల అది. అంతటి శక్తి అందరికీ ఉండదు. మిగిలినవారికి జమీందార్ల ఆదరణే దిక్కయింది. 1897లో అచ్చయిన కన్యాశుల్కం నాటకం వెనుక విజయనగరం ఆనందగజపతి అండ ఉందన్నది మీకు తెలిసిందే.

ఈ రెండు దారులకూ భిన్నమైన మూడో దారి వేసినవారు లక్ష్మణరావుగారు. మునగాల సంస్థానానికి దివానుగా ఉంటూనే 1906లో మిత్రులతో కలిసి హైదరాబాదులో విజ్ఞానచంద్రికా మండలి స్థాపించారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రాసిన అబ్రహాము లింకను చరిత్రతో ఆ గ్రంథమాల మొదలైంది. రెండేళ్లకు మండలి మద్రాసుకు మారింది. చరిత్ర, శాస్త్రం, నవల, ఏ రంగంలో ఏ పుస్తకం రావాలో మండలి ఆలోచించేది. రాసినదాన్ని చూడటానికి లక్ష్మణరావుగారి వంటి సంపాదకుడు ఉండేవారు. రచయిత రాసేవాడు, మిగతా భారం పదిమందీ పంచుకునేవారు. నా దృష్టిలో తెలుగు ప్రచురణకు ఆయన చేసిన అన్నిటికన్నా పెద్ద మేలు ఇదే.

అయితే ఆ వ్యవస్థ ఒక మనిషి భుజాల మీద నడిచింది. 1923లో నలభై ఆరేళ్లకే ఆయన పోయారు. ఆయన కూరుస్తున్న ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మధ్యలోనే ఆగింది. అంతటి మనిషి మళ్లీ దొరికితే గాని పని సాగదనుకుంటే, ఎదురుచూస్తూ కూర్చోవడమే మిగులుతుంది. అందుకే ఇక్కడి నుంచి మిమ్మల్ని కేరళకు తీసుకువెళ్తాను.

కేరళలోనూ ఆనాటి రచయితల బతుకు మనకన్నా మెరుగ్గా లేదు. వైకం ముహమ్మద్ బషీర్ తన చిన్న పుస్తకాలు తానే అచ్చు వేసుకుని, చేత పట్టుకుని తిరిగి అమ్మారు. తర్వాత ఎర్నాకుళంలో పుస్తకాల దుకాణం కూడా నడిపారు. మలయాళ సాహిత్యంలోని గొప్ప కథకుల్లో ఒకరి పరిస్థితే అది.

1945లో కొట్టాయంలో పన్నెండుమంది రచయితలు కూర్చుని సాహిత్య ప్రవర్తక సహకార సంఘం పెట్టారు. మూలధనం 120 రూపాయలు. అధ్యక్షుడు విమర్శకుడు ఎం.పి. పాల్. కార్యదర్శి కారూర్ నీలకంఠ పిళ్లై. ఈ కారూర్ గురించి ఒక్క మాట చెప్పాలి. ఆయన ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు. ఆకలికి తాళలేక విద్యార్థి అన్నం పొట్లం తిన్న బడిపంతులు కథ రాసినవాడు. జీతం చాలని బతుకు ఎంత అవమానమో తెలిసినవాడు గనుకనే, రచయితకు దక్కాల్సింది దక్కాలని పట్టుబట్టాడని నా నమ్మకం. ఏళ్ల తరబడి సంఘం లెక్కలు, ఉత్తరాలు, అచ్చు పనులు ఆయనే మోశాడు.

సంఘం వేసిన మొదటి పుస్తకం మలయాళ రచయిత తకళి కథల సంపుటి. రచయితకు ఇచ్చిన రాయల్టీ ధరలో 30 శాతం. పది శాతం ఇస్తేనే ఉదారమనుకునే ప్రచురణ రంగంలో ఈ అంకె ఎంత పెద్దదో ఆలోచించండి. 1949లో డి.సి. కిళక్కెమురి నడిపే నేషనల్ బుక్ స్టాల్ సంఘంలో కలిసింది. దాంతో అమ్మకం కూడా రచయితల చేతికే వచ్చింది. కీలకం ఇక్కడే ఉంది. అచ్చు మాత్రమే చేతిలో ఉండి అమ్మకం లేకపోతే సంఘం గిడ్డంగిగా మిగులుతుంది.

ఆ సంఘమూ ఎత్తుపల్లాలు చూసింది. 1974లో కిళక్కెమురి సొంత సంస్థ ప్రారంభించారు. అయినా సంఘం మూతపడలేదు. సభ్యులు, నియమావళి, ఎన్నికలు ఉన్న సంస్థ కాబట్టి మనుషులు మారినా నిలిచింది.

మన దగ్గరకు వద్దాం. 1965 మేలో హైదరాబాదు నడివీధిలో, అర్ధరాత్రి, నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడి చేత ఆరుగురు దిగంబర కవులు తమ తొలి సంపుటి ఆవిష్కరింపజేశారు. ప్రచురణకర్తల గడప తొక్కలేదు. ఆరుగురు కలిస్తే పుస్తకం ఎంత దూరం వినబడుతుందో చూపించారు. ఇక రంగనాయకమ్మగారు స్వీట్ హోమ్ పబ్లికేషన్స్ పేరుతో తన పుస్తకాలు తానే వేసుకుని, పెద్ద పుస్తకాన్ని కూడా సామాన్యుడు కొనగల ధరకు ఇస్తూ వచ్చారు. ఒకటి ఉద్యమం, ఒకటి వ్యక్తి దీక్ష. రెండూ గొప్పవే. కానీ నిన్న మొదటి కథల సంపుటి వేసుకున్న ఒక టీచరమ్మకు ఈ రెండూ అక్కరకు రావు. ఆమెకు కావలసింది రోజువారీ సాయం.

ఆ సాయం ఏమిటో విడమరచి చెబుతాను. ఆమె టైపు చేసింది యూనికోడ్‌లో, డీటీపీ వాళ్లు అడిగేది యూనికోడ్ కాని అను ఫాంటులో. మార్పిడిలో ఒత్తులు చెదురుతాయి, వాటిని పట్టే కన్ను కావాలి. కాగితం ధర, ప్రెస్సు కొటేషను సబబో కాదో చెప్పేవారు కావాలి. ఐఎస్‌బిఎన్ కోసం ఢిల్లీలోని రాజా రామమోహన్ రాయ్ సంస్థకు ఉచితంగానే దరఖాస్తు పెట్టుకోవచ్చని తెలియక మధ్యవర్తులకు డబ్బు ఇచ్చేవాళ్లున్నారు. 1954 నాటి చట్టం ప్రకారం ప్రతి పుస్తకం కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరాకు, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకు చేరాలి. మనలో ఎందరం పంపుతున్నాం? పంపకపోతే మన పుస్తకం రేపటి పరిశోధకుడికి లేనట్టే. ఇంటి పన్నుతో పాటు మనం రూపాయికి ఎనిమిది పైసల గ్రంథాలయ పన్ను కడుతున్నాం. ఆ నిధులతో జరిగే పుస్తకాల కొనుగోలు గురించి ఒక్క రచయిత అడిగితే అర్జీ అవుతుంది, వందమంది అడిగితే జవాబు వస్తుంది.

వీటిలో ఏదీ ప్రతిభతో తేలే పని కాదు. తెలిసినవారు తెలియనివారికి చెబితే తేలే పని. లండన్‌లో 1884లోనే వాల్టర్ బెసంట్ రచయితల సంఘం పెట్టి ఒప్పందాలు చదివి చెప్పే ఏర్పాటు చేశాడు. స్వయంగా ప్రచురించుకునేవారి కోసమే 2012లో ఓర్నా రాస్ అక్కడే మరో సంఘం ప్రారంభించారు. డబ్బు గుంజి మోసం చేసే సంస్థల గురించి సభ్యులను హెచ్చరించడం దాని పనుల్లో ఒకటి. మన దగ్గర కొత్త రచయిత ఆ మోసాన్ని తన ఖర్చుతోనే నేర్చుకుంటున్నాడు.

పొగడ్తల కోసం కూడే సంఘాలు మనకు చాలానే ఉన్నాయి. రాతప్రతి చదివి ఈ అధ్యాయం తీసెయ్యమని చెప్పగల స్నేహం, అమ్మిన ప్రతుల లెక్క దాపరికం లేకుండా చూపే నిజాయితీ, పుస్తక ప్రదర్శనలో పక్కవారి పుస్తకాన్ని కూడా తన బల్ల మీద పెట్టి అమ్మే మనసు ఉన్న సంఘం కావాలి.

1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద సంఘం పెట్టడానికి వేర్వేరు కుటుంబాలకు చెందిన పదిమంది చాలు. కొట్టాయంలో పన్నెండుమందే కూర్చున్నారు. ఈ సభలో అంతకన్నా చాలా ఎక్కువమంది రచయితలున్నారు. సభ ముగిశాక వెళ్లిపోకుండా ఒక గంట ఆగండి, పేర్లు రాసుకుందాం.