దివాన్‌ఖానా వేరు, లోపలి గది వేరు



2021 జులైలో ఒకసారి, 2022 జనవరి 1న మరొకసారి గిట్‌హబ్‌పై వెలసిన యాప్‌లు ముస్లిం మహిళల ఫొటోలను 'వేలానికి' పెట్టాయి. ఆ మహిళలలో పాత్రికేయులు, ఉద్యమకారిణులు, ఒక విమాన చోదకురాలు ఉన్నారు. వారి బహిరంగ ఖాతాల నుంచే ఆ ఫొటోలను దొంగిలించారు. మొదటి ఘటనపై జులైలోనే కేసు నమోదైనా, అందులో తొలి అరెస్టు రెండవ ఘటన తరువాతనే జరిగింది.

ఇటువంటి వార్త వినగానే ఇంట్లో వచ్చే మాట: "ఆ ఖాతా మూసెయ్ బేటీ." ఆ మాట వెనుక ఉన్న ప్రేమను మనం కాదనము. కాని నేడు ఒక న్యాయవాదికి కేసు రావాలన్నా, కుట్టుపని చేసే సోదరికి గిరాకీ రావాలన్నా, ఆమె పేరు నలుగురికీ కనిపించాలి. ఆమె కనుమరుగైతే నేరస్థుడి కోరికే తీరుతుంది.

మన పాత ఇళ్లలో వచ్చేవారికి దివాన్‌ఖానా, కుటుంబానికి లోపలి గదులు ఉండేవి. అంతర్జాలంలోనూ అదే ఏర్పాటు చేసుకుందాము. వృత్తి ఖాతాలో పేరు, చదువు, పని, అందుకే కేటాయించిన ఈమెయిల్ ఉంటే చాలు. అక్కడ ఫొటో ఉంచాలా వద్దా అన్నది ఆ సోదరి నిర్ణయం. ఇంటి చిరునామా, సొంత ఫోన్ నంబరు, బడి యూనిఫాంలో ఉన్న పిల్లల ఫొటోలు లోపలి గదికి చెందినవి. కుటుంబ ఖాతాను తెలిసినవారికే పరిమితం చేయాలి. వాట్సాప్ ప్రొఫైల్ ఫొటో పరిచయస్తులకే కనిపించేలా మార్చుకోవాలి. ప్రతి ఖాతాకు వేరే పాస్‌వర్డ్, రెండంచెల ధ్రువీకరణ తప్పనిసరి.

ఇంత జాగ్రత్తపడినా దాడి జరగవచ్చు. అప్పుడు తప్పు ఆమెది కాదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా ప్రకటించింది. ఇతరుల పాస్‌వర్డ్‌ను గాని, వారి ప్రత్యేక గుర్తింపును గాని మోసపూరితంగా వాడుకున్నవారికి ఐటీ చట్టం 66-సి సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. కనుక కంగారులో ఏదీ చెరిపివేయరాదు. స్క్రీన్‌షాట్, లింకు, తేదీ భద్రపరచి జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు చేయాలి. తెలంగాణలో షీ టీమ్స్‌నూ ఆశ్రయించవచ్చు.

తండ్రులకు, అన్నదమ్ములకు మన విన్నపం ఒక్కటే. "ఫొటో ఎందుకు పెట్టావు?" అని ఆమెను నిలదీయకండి. ఆ ఫిర్యాదు పత్రం పట్టుకొని ఆమెతో పాటు పోలీసు స్టేషన్ మెట్లెక్కండి.